ఎడమ చేత్తో తిప్పిన పేజీలు

ఈ ప్రయాణం నేను కోరి చేసింది కాదు. ఏళ్ళ తరబడి నాదే అనుకున్న దారిని ఇంకొకరికి అప్పజెప్పి రమ్మని ఆఫీసువాళ్ళు పంపితే వెళ్ళాను. మాది హైదరాబాదులో కారప్పొడి, మసాలాలు తయారుచేసే చిన్న కంపెనీ. మిర్చి కొనేముందు రంగు ఎలా ఉంది, నెమ్ము ఉందా, రంగు పోయిన తాలు కాయ ఎంత కలిసింది అని చూసి, తీసుకోవచ్చో లేదో చెప్పడం నా పని. అందుకోసం నెలకోసారి గుంటూరు, ప్రత్తిపాడు, ఒంగోలు క్యాంపుకి వెళ్ళేదాన్ని. వచ్చే నెల నుంచి నాకు ఆఫీసులోనే కుర్చీ, కాస్త పెద్ద హోదా. ఈ దారి రేష్మా అనే కొత్త అమ్మాయికి వెళ్ళిపోతుంది.

ఆఫీసులో అందరూ స్వీట్లు అడిగారు. నాకు మాత్రం నేనుండగానే నా గదిలో ఎవరో సామాను సర్దుకుంటున్నట్టు ఉంది. కారణం చెప్పాలి. మా ఇంట్లో చెడ్డవాళ్ళెవరూ లేరు. కానీ నా చేతిలో పుస్తకం కనబడితే చాలు, "ఖాళీగానే ఉన్నావుగా, ఆ గ్యాసు వాళ్ళకి ఫోన్ చెయ్యి" అంటారు మా ఆయన. మా అత్తగారు చదువుకోవద్దని ఎప్పుడూ అనలేదు, పక్కన కూర్చుని కబుర్లు మొదలుపెడతారంతే. మా అమ్మాయి తన లెక్కల పుస్తకం తెచ్చి సరిగ్గా నా పుస్తకం మీదే పరుస్తుంది. క్యాంపులో ఆ బాధ లేదు. సాయంత్రం నాలుగింటికి పని అయిపోతే, ఊరికొక కాఫీ కొట్టు, కొట్టుకొక కుర్చీ, చీకటి పడేదాకా నేనూ నా పుస్తకం.

ఏడాదిగా ఒకే నవల చదువుతున్నాను, లావుపాటిది. రేవు పట్నంలో గడియారాలు బాగుచేసే ఒకావిడ కథ. భర్త పోయాక కొట్టు తనే నడుపుతుంటుంది, అమ్మేయమని ఊరంతా పోరుతుంటారు. అమ్ముతుందా లేదా అన్నదే కథ. దాన్ని క్యాంపులో తప్ప తెరవకూడదని నియమం పెట్టుకున్నాను. ఇంకా చివరి భాగం మిగిలింది. ఈ ఆఖరి క్యాంపులో, నా కుర్చీల్లో, ఒంటరిగా కూర్చుని దాన్ని ముగించాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు. రేష్మాకి పని మొత్తం నేర్పుతాను, కాఫీ కొట్లు మాత్రం చూపించను అని సికింద్రాబాదులో రైలెక్కుతూ నిర్ణయించుకున్నాను.

తెల్లవారకముందే బయల్దేరే రైలు. కిటికీ పక్క సీటు దొరికింది. నల్లగొండ దాటాక ఇడ్లీ వచ్చింది, చట్నీ నీళ్ళగా ఉన్నా వేడిగా ఉంది. ఎదుటి సీటులో పెదకాకాని గుడికి వెళుతున్న పెద్దావిడ నా ఒళ్ళోని పుస్తకం వంక చాలాసేపు చూసి అడిగింది.

"పరీక్షలున్నాయా అమ్మా?"

"లేదండీ, ఊరికే."

"ఊరికే ఇంత లావు పుస్తకమా?" అని తన కోడలి వైపు జాలిగా చూసింది. ఆ కోడలు ఫోనులోంచి తల ఎత్తలేదు. రైల్లో పుస్తకం చదవాలనుకునేవాళ్ళకి నా సలహా, పై బెర్తు ఎక్కి పడుకోండి.

పిడుగురాళ్ళ, సత్తెనపల్లి దాటి గుంటూరు చేరేసరికి పదకొండు కావొస్తోంది. ప్లాట్‌ఫారం మీద రేష్మా నిలబడి ఉంది. ఇరవై అయిదేళ్ళుంటాయేమో. వాళ్ళది ప్రత్తిపాడు, నాన్న అక్కడ సెంటర్లో దర్జీ. గుంటూరులోనే డిగ్రీ చదివింది, ఇక్కడ కొత్తపేటలో పిన్ని ఇల్లుంది. ఇదంతా నా బ్యాగు లాక్కుని మెట్లెక్కుతూనే చెప్పేసింది.

"మిమ్మల్ని ఎప్పుడెప్పుడు చూస్తానా అనుకుంటున్నానండీ మేడం. ఈ దారిలో మీకు తెలియని మనిషి లేరంట కదా."

అలా పొగిడితే కరిగిపోయే వయసు నాకు దాటింది. ఆటో మాట్లాడుకుని యార్డుకి వెళ్ళాం. ఫిబ్రవరి ఆఖరు, మంచి సీజను. గేటు దగ్గరే ఘాటు గొంతులో దిగింది. కొత్తవాళ్ళు ఇక్కడ తుమ్మి తుమ్మి అలిసిపోతారు. రేష్మా ఒక్కసారి గొంతు సవరించుకుని లోపలికి నడిచింది, మొదటి రోజు నేను గంటసేపు బయటే కూర్చున్న సంగతి ఆమెకి చెప్పలేదు.

పని నేర్పాను. గుప్పెడు కాయలు తీసి పిడికిట్లో నొక్కితే గలగలమనాలి, మెత్తగా ముడుచుకుంటే నెమ్ము ఉన్నట్టు. గ్లౌజులు వేసుకుంటే అది తెలియదు, అందుకే ఉట్టి చేతులతోనే చూస్తాం. ముందు కాస్త కొబ్బరినూనె రాసుకోవాలి. ముఖం దురద పెడితే చెయ్యి పెట్టకూడదు, భుజంతో తుడుచుకోవాలి. యార్డులో హమాలీలందరూ మెడ వంచి భుజానికి ముక్కు రాసుకుంటూ కనిపిస్తారు.

ఒక్కటి మాత్రం చెప్పలేదు. నేను కాయలు కుడి చేత్తోనే ముట్టుకుంటాను. ఎడమ చెయ్యి ఉదయం నుంచి సాయంత్రం దాకా వెనక్కి పెట్టుకునే ఉంటాను, అది పుస్తకానికి. సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా తేజ రకం కారం వేళ్ళని అంత తొందరగా వదలదు. కాబట్టి పేజీలు తిప్పేది, కళ్ళజోడు సర్దుకునేది, కన్ను నలుపుకునేది అన్నీ ఎడమ చేత్తోనే. ఇది పని కాదు కదా, నా చదువుకి సంబంధించింది. ఎందుకు చెప్పాలి?

మధ్యాహ్నం మెస్సులో భోజనం. గోంగూర, పప్పుచారు, గడ్డ పెరుగు. నాలుగయ్యాక నాకు తలనొప్పిగా ఉందని రేష్మాకి చెప్పి లాడ్జికి వెళ్ళిపోయాను. పది నిమిషాలు ఆగి వెనక సందులోంచి బ్రాడీపేటకి నడిచాను.

అక్కడ మేడ మీద ఒక కాఫీ షాపు ఉంది. కింద చెప్పుల దుకాణం. పేర్లు చదవలేని కాఫీలు నూట ఇరవై నుంచి మొదలు, కానీ అడిగితే మామూలు ఫిల్టర్ కాఫీ కూడా ఇస్తారు. కిటికీ పక్క మూల కుర్చీ నాది. కౌంటరు దగ్గరి వెంకట్ నన్ను చూసి ఏమీ అడక్కుండానే కాఫీ కలపడం మొదలుపెట్టాడు. వచ్చే నెల రేష్మా ఇలాగే మెట్లెక్కి వస్తుందని, కొన్నాళ్ళకి వెంకట్ ఆమెకీ అడక్కుండానే కాఫీ పెడతాడని తోచింది. ఆ ఆలోచనతో ఇక చదువు సాగలేదు. ఒకే పేరా నాలుగుసార్లు చదివాను. గడియారాల ఆవిడ ఒక పెద్దమనిషి జేబు గడియారం విప్పి బల్ల మీద పరిచింది, అంతకు మించి ముందుకు పోలేదు.

లాడ్జికి తిరిగొచ్చేసరికి రేష్మా రిసెప్షనులో కూర్చుని ఉంది. చేతిలో మాత్రలు, సీసాలో మజ్జిగ.

"గది తలుపు కొట్టానండీ, పలకలేదు. పడుకున్నారేమో అనుకున్నా" అంది. మాత్రలు నా చేతిలో పెట్టి, "కాఫీ తాగితే తగ్గుతుందా మేడం తలనొప్పి? తాగినట్టున్నారు, వాసనొస్తోంది" అంది. ఎత్తిపొడుపు ఉందేమోనని ఆమె ముఖం చూశాను. లేదు. ఉంటేనే నాకు తేలిగ్గా ఉండేది.

మర్నాడు ఏడింటికి ప్రత్తిపాడు బస్సు. టౌను దాటగానే రోడ్డుకి రెండు పక్కలా పొలాలు. పత్తి ఏరడం అయిపోయి కట్టె పీకి కుప్పలు వేశారు. లోడు లారీలు వెళ్ళిన దారి కాబట్టి తుమ్మకంపలకి ఇంకా దూది పీచు వేలాడుతోంది. ఆ వెనక మిరప కల్లాలు, ఎర్రగా పరిచినవి. కండక్టరు రేష్మాని చూసి, "ఏమ్మా, ఉద్యోగం వచ్చిందంటగా, మీ నాన్న చెప్పాడు" అన్నాడు. ఇన్నేళ్ళుగా ఈ బస్సు ఎక్కుతున్నాను, నాకు చిల్లర ఇవ్వడం తప్ప అతను మాట్లాడిన పాపాన పోలేదు.

కల్లం దగ్గరా అంతే. కోటేశ్వరరావు గారనే రైతు దగ్గర మేం ఏటా సరుకు తీసుకుంటాం. నన్ను "మేడం గారూ" అని మంచం వేసి కూర్చోబెట్టి దూరంగా నిలబడే మనిషి, రేష్మాతో మాత్రం పెద్దగా, చనువుగా మాట్లాడాడు.

"నువ్వా వచ్చింది, దర్జీ మస్తాన్ కూతురివి. మా కాయల్ని తాలు అన్నావంటే ఊరుకోను."

"తాలుంటే తాలే అంటా బాబాయ్. మీ ముఖం చూసి కారం పట్టిస్తారా ఏంటి?"

అతను పడీపడీ నవ్వాడు. నన్ను చూసి అతనలా నవ్వింది ఎప్పుడూ లేదు. నా కడుపు మండింది, దాచడం దేనికి. ఈ దారి నా దగ్గర్నుంచి ఆమెకి పోవడం కాదు, మొదటి నుంచీ ఆమెదే, కొన్నాళ్ళు నా దగ్గర ఉందంతే అనిపించింది.

అప్పుడే ఆఫీసు నుంచి ఫోను వచ్చింది, నా కొత్త కుర్చీ ఎక్కడ వేయాలన్న చర్చ. సిగ్నలు కోసం రోడ్డు మీదకి వెళ్ళి చాలాసేపు మాట్లాడాను. తిరిగి వచ్చేసరికి రేష్మా పని ముగించుకుని మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఆమె ఒళ్ళో నా నవల. నా బ్యాగు జిప్పు వేయడం మర్చిపోయాను. చదువుతున్నది మొదటి పేజీ కూడా కాదు, నేను గుర్తు పెట్టుకున్న చోటు నుంచి చదువుతోంది. గుర్తుగా పెట్టిన బస్సు టిక్కెట్టు ఎడమ వైపు వెనకాల ఎక్కడో మిగిలిపోయింది.

"అడక్కుండా తీశానండీ, కోప్పడకండి. ఎంత బావుందో. ఆ గడియారం పెద్దమనిషి ఉన్నాడు చూడండి, అతనేం చేశాడంటే..."

"చెప్పకు" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, కోటేశ్వరరావు గారు తిరిగి చూశాడు. పుస్తకం తీసుకుని బ్యాగులో పెట్టి జిప్పు చివరిదాకా లాగాను. నేను ఏడాదిగా గుక్కెడు గుక్కెడుగా తాగుతున్నదాన్ని ఈ పిల్ల ఒక్క ఫోను మాట్లాడేలోపల అంత తాగేసింది. నాకు తెలియనిది ఇప్పుడు ఆమెకి తెలుసు. ఆ బాధ ముందు కండక్టరు చిల్లర, రైతు నవ్వు ఎందుకూ పనికిరావు.

ప్రత్తిపాడు నుంచి చిలకలూరిపేట వెళ్ళి, అక్కడ ఒంగోలు బస్సు పట్టుకున్నాం. దారి పొడవునా నేను నిద్ర నటించాను. రేష్మా జామకాయలు కొని, ఉప్పూ కారం విడిగా కట్టించి, నాకో ముక్క అట్టేపెట్టింది. ఒంగోలులో దిగేసరికి నాలుగు దాటింది. లాడ్జిలో పక్కపక్క గదులు. చెప్పు తెగిందని, కొత్తవి కొనుక్కుని వస్తానని రేష్మా బజారుకి వెళ్ళింది. ఆమె ఆటో మలుపు తిరిగేదాకా చూసి నేను కర్నూలు రోడ్డులోని కాఫీ షాపుకి బయల్దేరాను.

ఇది చిన్నది, అయిదారు బల్లలు. ఏసీ గాలి తగలని గోడ పక్క కుర్చీ నాది. దీపాలు పసుపు రంగువి, కొంచెం మసక. కౌంటరులో సుబ్బారావు గారని పెద్దాయన, కాఫీతో పాటు అడక్కుండానే వేరుశనగ ఉండ పెడతాడు. పుస్తకం తెరిచాను. నాకప్పుడు కథ కన్నా తొందర ఎక్కువ. రేష్మా ఎక్కడిదాకా చదివిందో ముందు ఆ చోటు చేరాలి, తర్వాత ఆమెని దాటాలి. గబగబా తిప్పుతున్నాను, ఎప్పటిలాగే ఎడమ చేత్తో. మధ్యలో కన్ను దురద పెట్టింది. ఎడమ చెయ్యే కదా అని నలుపుకున్నాను.

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత కంట్లో నిప్పు పడింది. ఏమైందో తెలియక రెండో కన్ను కూడా అదే చేత్తో తుడుచుకున్నాను. ఇక కుర్చీలోంచి లేవడం కూడా తెలియలేదు, కాఫీ ఒలికింది, కప్పు పగిలింది. సుబ్బారావు గారు నన్ను చెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి నడిపించి నీళ్ళు కొట్టించాడు, ఫ్రిజ్‌లోని పాలల్లో రుమాలు ముంచి ఇచ్చాడు.

"ఎవరికన్నా ఫోన్ చెయ్యమంటారా అమ్మా?"

ఆ ఊళ్ళో నాకున్నది ఒక్కరే. కళ్ళు మూసుకునే ఆ పేరు చెప్పాను.

రేష్మా ఎంతసేపట్లో వచ్చిందో తెలియదు, కొత్త చెప్పుల చప్పుడు మాత్రం వినబడింది. నా రెప్పలు ఎత్తి చూసింది, మళ్ళీ కడిగించింది, రుమాలు మార్చింది. మంట సగానికి తగ్గాక కుర్చీలో కూర్చోబెట్టి, బల్ల మీది పుస్తకం చేతిలోకి తీసుకున్నట్టుంది. కాగితాలు కదిలిన శబ్దం వినబడింది.

"ఈ పేజీల అంచులన్నీ ఎర్రగా ఉన్నాయండీ. నా చెయ్యే. కాయలు చూసి, మామూలుగా కడుక్కుని తిప్పేశాను" అంది.

అప్పుడు చెప్పాను, కుడి చెయ్యి కాయలకి, ఎడమ చెయ్యి పుస్తకానికి అని. నా ఎడమ చెయ్యి ఈ దారిలో ఎప్పుడూ నన్ను మోసం చేయలేదని కూడా చెప్పాను.

"ఆ మాట నిన్ననే చెప్పి ఉంటే సరిపోయేది కదండీ."

"నీకు చెప్పాలనిపించలేదు."

అంతకన్నా వివరంగా చెప్పక్కర్లేకపోయింది. నిన్నటి తలనొప్పి, మధ్యాహ్నం నిద్ర, ఇప్పుడీ గోడ పక్క కుర్చీ, అన్నీ ఆమె కళ్ళ ముందే ఉన్నాయి. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. కుర్చీ దగ్గరికి జరిగిన చప్పుడైంది.

"ఎక్కడిదాకా వచ్చారు మేడం?" అంది.

చెప్పాను. చదవడం మొదలుపెట్టింది, పైకి.

నేనింతవరకూ అలాంటి చదువు వినలేదు. నాటకంలా గొంతులు మార్చలేదు, పాఠంలా అప్పజెప్పలేదు. ఎవరి మాట దగ్గర వాళ్ళు పక్కనే ఉన్నట్టుగా ఉంది. పక్క బల్ల కుర్రాళ్ళు ఫోన్లు పక్కన పెట్టారని సుబ్బారావు గారు తర్వాత చెప్పాడు. మధ్యలో మంచినీళ్ళకి ఆగినప్పుడు ఇలా ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను.

"మా నాన్నకి మిషను మీదినుంచి చూపు తిప్పడానికి కుదరదు కదండీ, కుట్టు వంకర పోద్ది. అందుకని లైబ్రరీ పుస్తకాలు తెచ్చి నన్ను చదవమనేవాడు. బడి నుంచి రాగానే కొట్లో స్టూలు మీద కూర్చుని చదివేదాన్ని. బట్టలకి వచ్చినవాళ్ళు కూడా విని వెళ్ళేవాళ్ళు. చదవకపోతే తిట్టేవాడు."

చదవకపోతే తిట్టే ఇల్లు. మంట తగ్గిన కళ్ళు మూసుకుని ఆ మాట దగ్గరే ఉండిపోయాను. నేను ఊరూరా కుర్చీలు వెతుక్కుంది దేనికోసమో, అది ఈ పిల్లకి స్టూలు మీద కూర్చోబెట్టి ఇచ్చారు. అప్పటిదాకా ఆమె నాది తీసుకుంటోందని కుళ్ళుకున్నాను. ఇప్పుడు ఆమెకి ముందే ఉన్నదాన్ని చూసి అసూయపడ్డాను. రెండోదే పెద్దది.

చివరి అధ్యాయం ముందు ఆగిపోయింది. "ఇది మీరే చదువుకోండి. రేపటికి కళ్ళు తేటపడతాయి" అంది.

తేటపడ్డాయి. ఉదయం కోల్డ్ స్టోరేజీల్లో సరుకు చూశాం. కాయలన్నీ రేష్మాయే చూసింది, ఎడమ చెయ్యి వెనక్కి కట్టుకుని. కొత్తపట్నం బీచికి వెళ్ళొద్దామని ఆమెకి సరదా, కానీ రైలుకి టైము లేదు. ఒంగోలు వెళ్ళేవాళ్ళు ఒక పూట మిగుల్చుకుంటే మంచిది.

తిరుగు రైలు మధ్యాహ్నం. రేష్మా గుంటూరులో దిగుతుంది, నేను సికింద్రాబాదు దాకా. చీరాల వచ్చేలోపల చివరి అధ్యాయం మొదలుపెట్టాను, తెనాలి దగ్గర ముగించాను. ఆవిడ కొట్టు అమ్మిందో లేదో ఇక్కడ చెప్పను. పుస్తకం మూసి కిటికీలోంచి బయటికి చూశాను. అయిపోయింది. ఏడాదిగా ఇక్కడ నాకోసం ఆగి ఉన్నది ఇంకేమీ మిగల్లేదు.

"అయిందా అండీ?" అని చెయ్యి చాపింది రేష్మా. ఆమె చదువుతుంటే ఆమె ముఖమే చూస్తూ కూర్చున్నాను. నాకు తెలిసింది ఆమెకి ఇంకా తెలియదు. ఆ లెక్కన ఇప్పుడు పైచేయి నాదే కావాలి. కానీ చదవాల్సిన పేజీలు ఇంకా మిగిలి ఉన్నది ఆమెకే. గుంటూరు స్టేషను వచ్చేసరికి ఇంకా నాలుగైదు మిగిలాయి. బ్యాగు తగిలించుకుని, పుస్తకం నా వైపు చాపింది.

"ఉంచుకో" అన్నాను. బ్రాడీపేట మేడ మీది మూల కుర్చీ సంగతి, వెంకట్ సంగతి కూడా చెప్పాను. కర్నూలు రోడ్డు ఎలాగూ చూసింది. ఒక్కటి మాత్రం దాచుకున్నాను. గుంటూరు స్టేషను ఎదురు సందులో ఒక చిన్న ఫిల్టర్ కాఫీ కొట్టుంది, రైలు ఆలస్యమైనప్పుడల్లా నేను కూర్చునేది. బోర్డు కూడా లేదు, దారి తెలిస్తే తప్ప దొరకదు. అదైనా నాకుండనీ అనుకున్నాను.

రైలు కదిలింది. సత్తెనపల్లి దాటుతుండగా ఫోనులో ఫొటో వచ్చింది. స్టీలు గ్లాసులో కాఫీ, పక్కన తెరిచిన నవల, చివరి పేజీ. పేజీ మీద ఎడమ చెయ్యి. వెనకాల ఆ కొట్టు ఆకుపచ్చ గోడ నాకు బాగా తెలుసు. కింద ఇలా రాసింది.

"పుస్తకం అయ్యేదాకా ఇంటికి వెళ్ళాలనిపించలేదండీ. ఇక్కడ కాఫీ చాలా బావుంది. ఈ కొట్టు మీకు తెలుసా?"

తెలియదని రాశాను. పంపలేదు, చెరిపేశాను. ఎదుటి సీటాయన పల్లీలు ఇవ్వబోతే తల అడ్డంగా ఊపాను. ఆ దారిలో వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగింది, గుంటూరు నుంచి ఒంగోలు దాకా ఎండ ఎక్కువ, కారం ఎక్కువ, మనుషులు గట్టిగా మాట్లాడతారు, కానీ చదువుకోవడానికి మంచి కుర్చీలున్నాయి. అవి ఇప్పుడు నావి కావు. అసూయ తగ్గిందా అంటే, తగ్గలేదు. నడికుడి వచ్చేలోపల జవాబు పంపాను.

"తెలుసు. తలుపు దగ్గర బల్ల మీద దుమ్ము పడుతుంది. లోపల గోడ పక్కన కూర్చో, సాయంత్రం దాకా వెలుతురు అక్కడే ఉంటుంది."